పదకొండు బ్రాండ్ల వంటసామాను, మూడు చోట్ల అమ్మకం: వస్తువుల వివరాలను ఒక దారికి తేవడం ఎలా?

హన్మకొండ గిన్నెల దుకాణం:

మిత్రులందరికీ నమస్కారం. హన్మకొండ చౌరస్తా దగ్గర మా నాన్నగారు పెట్టిన గిన్నెల దుకాణాన్ని నాలుగేళ్లుగా నేను చూసుకుంటున్నాను. స్టీలు, ఇత్తడి సామానును తూకం మీద అమ్మడం మా పాత వ్యాపారం. కుక్కర్లు, మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు, నాన్‌స్టిక్ పెంకలు తర్వాత చేరాయి. ఇప్పుడు పదకొండు బ్రాండ్లవి, విడిభాగాలతో కలిపి సుమారు 2,300 రకాల వస్తువులున్నాయి. సొంత వెబ్‌సైటులోనూ, మరో రెండు పెద్ద ఆన్‌లైన్ వేదికల్లోనూ అమ్ముతున్నాము.

సరుకు తెప్పించడంలో మాకు ఇబ్బంది లేదు. చిక్కంతా దాని వివరాలతోనే వస్తోంది. ఒక డిస్ట్రిబ్యూటరు ధరల పట్టికను పీడీఎఫ్‌గా పంపిస్తారు, ఇంకొకరు ఎక్సెల్‌లో ఇస్తారు, మరొకరు వాట్సాప్‌లో ఫొటో పెట్టి దాని కింద మోడల్ పేరు రాస్తారు. మా దుకాణంలో పనిచేసే పిల్లలు వచ్చినదాన్ని వచ్చినట్టే ఎక్కించారు. అందువల్ల ఒకే అయిదు లీటర్ల కుక్కరు ఒకచోట ‘5 లీటర్లు’ అని, ఇంకొకచోట ‘5లీ’ అని, మూడోచోట ‘5000 మి.లీ.’ అని మూడు వేర్వేరు వస్తువులుగా కూర్చుంది. మొన్న దసరాకు ముందు ఆ మూడింటిలో రెండింటికి ఒకే పూట ఆర్డర్లు వచ్చాయి. అరలో ఉన్నది ఒక్కటే కుక్కరు కావడంతో ఒక ఆర్డరును రద్దు చేయవలసి వచ్చింది. ఆ కొనుగోలుదారు కూతురి కొత్త కాపురానికి సామాను కొంటున్నారని తర్వాత ఫోనులో తెలిసింది. ఆ రోజు నుంచి ఈ పట్టికను సరిచేయాలన్న పట్టుదల పెరిగింది. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

కరీంనగర్ క్యాటలాగ్ పని:

తమ్ముడూ, ఈ పని నేను ఏడేళ్లుగా చేస్తున్నాను. చెప్పుల దుకాణాలకూ చేశాను, మందుల దుకాణానికీ చేశాను. వస్తువులు మారినా చిక్కు మాత్రం ఎక్కడైనా ఇదే.

ముందుగా పేర్లు దిద్దడం మొదలుపెట్టకండి. అందరూ అక్కడే మొదలుపెట్టి నెల తర్వాత అలసిపోతారు. మొదట మూడు రకాల సమాచారాన్ని వేరు చేయండి. బ్రాండు వాళ్లు పంపినది ఒకటి, మీ దుకాణం నిజమని ఒప్పుకున్నది రెండోది, ఒక్కో వేదికకు దాని పద్ధతిలో పంపవలసినది మూడోది. ఇప్పుడు మీరు ఈ మూడింటినీ ఒకే షీటులో కలిపి రాస్తున్నారు. కాబట్టి డిస్ట్రిబ్యూటరు కొత్త పట్టిక పంపిన ప్రతిసారీ మీరు దిద్దుకున్నది చెరిగిపోతుంది. వాళ్లు పంపిన ఫైలును తేదీ వేసి ఒక్క అక్షరం కూడా మార్చకుండా పక్కన దాచుకోండి. రేపు ఏదైనా వివరం తప్పని తేలితే, ఆ తప్పు వాళ్లు పంపినదో మనం రాసినదో చూపడానికి అదే ఆధారం.

తర్వాత మీరు ఒప్పుకున్న పట్టికలో ప్రతి వస్తువుకూ మీ సొంత సంఖ్య ఇవ్వండి. అది 10001 నుంచి వరుసగా పోయే సంఖ్య అయితే చాలు. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మార్చకూడదు. ఆ వస్తువు అమ్మడం మానేసినా దాని సంఖ్యను మరోదానికి ఇవ్వకూడదు. బ్రాండు మోడల్ నంబరు, బార్‌కోడు, ఒక్కో వేదిక ఇచ్చే గుర్తింపు సంఖ్య ఇవన్నీ ఆ సొంత సంఖ్య పక్కన వేర్వేరు గడుల్లో ఉండాలి. వాటిలో ఏది మారినా మీ వస్తువు మాత్రం అదే వస్తువుగా మిగులుతుంది.

జగిత్యాల ఎలక్ట్రికల్స్:

అక్క చెప్పినదాంట్లో ఒక మాటతో నేను ఏకీభవించలేను. అర్థం లేని వరుస సంఖ్య కంప్యూటరుకు సరిపోతుంది కానీ గోదాములో సరుకు తీసే మనిషికి పనికిరాదు. మా దగ్గర బ్రాండుకు రెండక్షరాలు, రకానికి రెండు, కొలతకు మూడు అంకెలు కలిపి కోడు పెట్టుకున్నాము. దాన్ని చూడగానే మా వాడికి ఏ అరకు పోవాలో తెలుస్తుంది. పదేళ్లుగా ఈ పద్ధతి బాగానే నడుస్తోంది.

కరీంనగర్ క్యాటలాగ్ పని:

అన్నా, మీ వాడి అవసరం నిజమైనదే, దాన్ని నేను కాదనడం లేదు. ఆ అవసరాన్ని కోడుతో కాకుండా అర మీద అంటించే చీటీతో తీర్చమంటున్నాను. చీటీ మీద సంఖ్య పక్కనే ‘ఫలానా బ్రాండు, 5 లీటర్లు, స్టీలు, ఇండక్షన్ అడుగు’ అని పెద్ద అక్షరాలతో ముద్రిస్తే చాలు. కోడులోనే అర్థాన్ని కూర్చితే, ఆ అర్థం మారిన రోజున కోడు అబద్ధం చెబుతుంది. ఒక చెప్పుల దుకాణంలో ఒక కంపెనీ తన ఉప బ్రాండును మరో కంపెనీకి అమ్మేసింది. కోడులో పాత బ్రాండు అక్షరాలే ఉండిపోయాయి. వాటిని మారిస్తే పాత బిల్లులూ వాపసు వచ్చిన జతలూ లెక్కకు అందలేదు, మార్చకపోతే కొత్తగా చేరిన పనివాడు ప్రతిసారీ తప్పు జత తీశాడు. పదేళ్లు నడిచిందంటే మీ బ్రాండ్లు ఆ పదేళ్లూ కదలకుండా ఉన్నాయని అర్థం. వంటసామాను బ్రాండ్లు అలా ఉండవు.

జగిత్యాల ఎలక్ట్రికల్స్:

అరచీటీ ఆలోచన బాగుంది. నా పాత కోడ్లను ఇప్పుడు మార్చను కానీ, కొత్తగా వచ్చే సరుకుకు ఈ పద్ధతి పాటించి చూస్తాను.

మంచిర్యాల విడిభాగాలు:

కుక్కర్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి గ్యాస్కెట్ల సంగతి నేను చెప్పాలి. వాపసుల్లో ఎక్కువ భాగం వచ్చేది అక్కడి నుంచే. కొనేవాళ్లు ‘అయిదు లీటర్ల కుక్కరు గ్యాస్కెట్’ అని వెతుకుతారు. లీటర్లు సరిపోయినంత మాత్రాన గ్యాస్కెట్ సరిపోదు. హాకిన్స్ క్లాసిక్ వంటి కుక్కర్లలో మూత లోపలి నుంచి బిగుస్తుంది, ప్రెస్టీజ్ పాపులర్ వంటి వాటిలో మూత పైనుంచి కూర్చుంటుంది. ఈ రెండు రకాల గ్యాస్కెట్ల ఆకారమే వేరు. ఒకే బ్రాండులో ఒకే గ్యాస్కెట్ రెండు మూడు పరిమాణాల కుక్కర్లకు సరిపోవడమూ ఉంది.

అందుకని గ్యాస్కెట్ పేరులో మోడళ్లన్నీ ఇరికించడం మానేసి, విడిగా ఒక జత పట్టిక చేసుకున్నాము. ఎడమ గడిలో గ్యాస్కెట్ సంఖ్య, కుడి గడిలో అది సరిపోయే కుక్కరు సంఖ్య ఉంటాయి. ఒక్కో జతకు ఒక్కో వరుస. ఒక గ్యాస్కెట్ ఆరు కుక్కర్లకు సరిపోతే ఆరు వరుసలు రాస్తాము. ఈ పట్టిక ఒకటి ఉంటే కుక్కరు పేజీలో ‘దీనికి సరిపోయే గ్యాస్కెట్’ అనీ, గ్యాస్కెట్ పేజీలో ‘ఇది సరిపోయే కుక్కర్లు’ అనీ రెండు వైపులా చూపవచ్చు. మిక్సీ జార్లకూ, వాటి బ్లేడ్లకూ, కప్లర్లకూ ఇదే పద్ధతి. సరిపోతుందని డిస్ట్రిబ్యూటరు చెప్పినదాన్నీ, మేము స్వయంగా బిగించి చూసినదాన్నీ వేర్వేరు గుర్తులతో రాసుకుంటాము. బిగించి చూడనిది ఆన్‌లైన్‌లో పెట్టము.

వరంగల్ పన్ను సలహా:

మంచిర్యాల వారు చెప్పిన చివరి మాట ఎంతో విలువైనది. నేను పన్ను, చట్టం వైపు నుంచి కొన్ని సంగతులు చేరుస్తాను. మన ప్రాంతపు దుకాణదారులు ఎక్కువగా అక్కడే చిక్కుకుంటున్నారు.

హెచ్‌ఎస్‌ఎన్ కోడును, అంటే పన్ను కోసం వస్తువులను వర్గాలుగా విడదీసే సంఖ్యను, బ్రాండును బట్టి గానీ దుకాణపు వర్గాన్ని బట్టి గానీ వేయకూడదు. వస్తువు దేనితో తయారైంది, ఏ పని చేస్తుంది అన్నదే అక్కడ లెక్క. స్టీలు వంటసామాను 7323 కింద, అల్యూమినియంది 7615 కింద, మిక్సీ 8509 కింద వస్తాయి. రబ్బరు గ్యాస్కెట్ కుక్కరుతో పాటు పోదు, అది ఆ కోడ్ల జాబితాలో రబ్బరు వస్తువులుండే 40వ అధ్యాయానికి చెందినది. ‘కుక్కర్లు’ అన్న వర్గం మొత్తానికి ఒకే కోడు వేసినవారికి స్టీలు కుక్కరు ఒకచోట, అల్యూమినియం కుక్కరు మరోచోట పడవలసిన సంగతి బిల్లు వేసేటప్పుడు గానీ తెలియదు. కాబట్టి దేనితో తయారైందన్నది మీ పట్టికలో తప్పనిసరి గడిగా ఉండాలి.

పన్ను శాతాన్ని వస్తువు వరుసలో అంకెగా రాయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంటసామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, మిక్సీల మీద 18 శాతమే కొనసాగింది. శాతాన్ని ప్రతి వరుసలో రాసుకున్నవారు ఆ వారమంతా వందల వరుసలు దిద్దుకుంటూ కూర్చున్నారు. కోడుకూ శాతానికీ విడిగా ఒక చిన్న పట్టిక పెట్టుకుని, ఏ తేదీ నుంచి ఏ శాతమో అందులో రాసుకున్నవారు ఒక్క వరుస చేర్చి ఊరుకున్నారు. పాత బిల్లు మీద వాపసు వస్తే పాత శాతమే కావాలి కనుక, పాత వరుసను తీసేయకూడదు.

ఇక ప్యాకెట్లో అమ్మే సరుకు మీద ఏ వివరాలుండాలో చెప్పే ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు 2011 నాటివి. వాటికి చేసిన సవరణ 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, వినియోగదారుల ఫిర్యాదు వివరాలు ఆన్‌లైన్ పేజీలోనూ కనిపించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఏ దేశంలో తయారైందో కూడా చెప్పమంటాయి. ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ 2347 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ లైసెన్సు సంఖ్యకు ఒక గడి పెట్టి, పెట్టె మీద చూసి నింపండి. పంపిణీదారు ఇచ్చిన కాగితం మీద చూసి నింపకండి.

హన్మకొండ గిన్నెల దుకాణం:

అందరికీ ధన్యవాదాలు. అక్క చెప్పినట్టు మూడు షీట్లుగా విడగొట్టడం మొదలుపెట్టాను. ఈలోగా ఒక కొత్త సమస్య బయటపడింది. బార్‌కోడు గడిలో సుమారు 400 వరుసల్లో అసలు సంఖ్య లేదు, ‘8.90’ తర్వాత ఒక ఆంగ్ల అక్షరమూ ‘12’ అనీ మాత్రమే ఉంది. అసలు అంకెలు తిరిగి తెచ్చుకునే మార్గం ఉందా?

కాజీపేట ప్రోగ్రామర్:

ఆ గడి ఎక్సెల్ ఫైలులో ఉన్నంతవరకు అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి, పైకి మాత్రమే కుదించి చూపిస్తుంది. దాన్ని సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన ఉత్త అక్షరాల ఫైలుగా, సేవ్ చేసిన క్షణాన పైకి కనిపించినదే ఫైలులోకి పోతుంది, అంకెలు పోతాయి. మీది సీఎస్‌వీ అయితే ఆ ఫైలు నుంచి వాటిని తిరిగి తేలేరు. పాత ఎక్సెల్ ప్రతి గానీ, డిస్ట్రిబ్యూటరు పంపిన మూల ఫైలు గానీ వెతకండి. అక్క మూల ఫైళ్లను ముట్టుకోవద్దన్నది ఇందుకు కూడా. ఇకమీదట ఎక్సెల్‌లో ఫైలును నేరుగా తెరవకుండా, డేటా దిగుమతి పద్ధతిలో ఆ గడిని అక్షరాల గడిగా ఎంచుకుని తెరవండి. సున్నాతో మొదలయ్యే సంఖ్యలూ అప్పుడే నిలుస్తాయి. తెలుగు పేర్లు ఉన్న ఫైలును యూటీఎఫ్-8 గా (అన్ని భాషల లిపులనూ దాచగల పద్ధతిలో) సేవ్ చేయకపోతే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, ఆ సంగతీ గుర్తుంచుకోండి.

తిరిగి ఎక్కించేటప్పుడు ప్రతి బార్‌కోడును లెక్క కట్టి సరిచూసుకోవచ్చు. పదమూడు అంకెల్లో చివరిది పరీక్ష అంకె. మొదటి పన్నెండు అంకెలను ఎడమ నుంచి వరుసగా 1, 3, 1, 3 తో హెచ్చించి కూడాలి. ఆ మొత్తాన్ని పై పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. 890123456789 తీసుకుంటే, బేసి స్థానాల అంకెల మొత్తం 28, సరి స్థానాల మొత్తం 34. 34ను 3తో హెచ్చిస్తే 102, దానికి 28 కలిపితే 130. అది ఇప్పటికే పదుల్లో ఉంది కనుక చివరి అంకె 0. ఒక అంకె తప్పు పడితే ఈ లెక్క తప్పకుండా పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే కూడా చాలావరకు పట్టుకుంటుంది కానీ, వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయితే, అంటే 1, 6 తారుమారైతే, పట్టుకోదు. అందుకని లెక్క సరిపోయినా స్కానరుతో ఒకసారి చదివించడమే మేలు.

ఇంకొక సంగతి. బార్‌కోడు 890తో మొదలైతే వస్తువు మన దేశంలో తయారైందని చాలామంది అనుకుంటారు. ఆ సంఖ్యను మన దేశంలో బార్‌కోడు సంఖ్యలు ఇచ్చే జీఎస్1 ఇండియా సంస్థ ద్వారా తీసుకున్నారన్నంత వరకే దాని అర్థం. తయారైన దేశపు గడిని బార్‌కోడు చూసి నింపితే పన్ను సలహాదారు గారు చెప్పిన నిబంధన దగ్గర తప్పు దొరుకుతుంది. తూకం మీద అమ్మే గిన్నెలకు దుకాణంలో వాడుకోవడానికి 200 నుంచి 299 మధ్య మొదలయ్యే సంఖ్యలను మీరే ఇచ్చుకోవచ్చు. అవి దుకాణపు గడప దాటకూడదు, ఆన్‌లైన్ వేదికలకు పంపకూడదు.

కొత్తవాడ దర్రీలు:

ఈ చర్చను మొదటి నుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. మాది వరంగల్‌లోని కొత్తవాడ. మా కుటుంబం దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేస్తుంది, మరో ఎనిమిది ఇళ్లవాళ్లు నేసినవి కూడా మేమే ఆన్‌లైన్‌లో పెడుతున్నాము. మా సరుకుకు బార్‌కోడు లేదు, మోడల్ నంబరు లేదు, ఒకే నమూనాలో రెండు దర్రీలు పక్కన పెడితే అంగుళం తేడా, రంగులో చిన్న తేడా ఉంటాయి. పైన చెప్పిన పద్ధతి మాకు ఎలా వర్తిస్తుంది?

కరీంనగర్ క్యాటలాగ్ పని:

అన్నగారూ, మిమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతాను. కొనేవారు ఫొటోలో ఉన్న అదే దర్రీ తమకు వస్తుందనుకుని కొంటున్నారా, ఆ నమూనాలో ఏదో ఒకటి వస్తుందనుకుని కొంటున్నారా? అదే దర్రీ అయితే ప్రతి దర్రీకీ ఒక సంఖ్య, నిల్వ ఎప్పుడూ ఒకటి, అమ్ముడుపోగానే ఆ పేజీ మూసేయాలి. నమూనా అయితే నమూనాకూ కొలతకూ కలిపి ఒక సంఖ్య, నిల్వ ఎన్ని ఉంటే అన్ని, తేడా ఎంతవరకు ఉండవచ్చో పేజీలో స్పష్టంగా రాయాలి. ఈ రెండింటినీ కలిపితేనే తగాదాలు వస్తాయి. కొలతను ‘4×6’ అని ఒకే గడిలో రాయకండి. పొడవు, వెడల్పు, ప్రమాణం మూడూ వేర్వేరు గడుల్లో పెడితే అడుగుల నుంచి సెంటీమీటర్లకు మార్చడం యంత్రం పని అవుతుంది. ఎవరు నేశారన్నదానికి కూడా ఒక గడి ఉండాలి. ఎనిమిది ఇళ్ల లెక్క తేలేది దానితోనే. బార్‌కోడు లేనివాటికి కొన్ని వేదికలు మినహాయింపు దరఖాస్తు తీసుకుంటాయి, అది పెట్టుకోండి.

వరంగల్ పన్ను సలహా:

వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే జీఐ గుర్తింపు) వచ్చింది. కాబట్టి ‘వరంగల్ దర్రీ’ అన్న మాటను పేరులో అలంకారంగా వాడకుండా, ఆధారం ఉన్న వివరంగా చూడాలి. ఎక్కడ నేశారు, చేమగ్గమా మరమగ్గమా, నూలు ఏది అన్న గడులు నిండిన తర్వాతే ఆ మాట పేరులోకి రావాలి. బయటి నుంచి వచ్చిన మరమగ్గం సరుకు పక్కన అదే పేరు కనిపిస్తే నష్టపోయేది కొత్తవాడ నేతకారులే.

పెద్దపల్లి ఇంటి వ్యాపారం:

నేను ఇంటి నుంచే చిన్నగా అమ్ముతాను. పెద్ద పట్టికల సంగతి నాకు తెలియదు కానీ, వెతికే మాటల గురించి ఒక అనుభవం ఉంది. నాన్‌స్టిక్ వస్తువుకు నేను ‘పెనం’ అని పెట్టాను. మా దగ్గర అందరూ దాన్ని ‘పెంక’ అంటారు. ‘పెంక’ అని వెతికితే నా పేజీ రాలేదు. అలాగే ‘గంజు’ అని వెతికేవారికి ‘గిన్నె’ దొరకదు, ‘తలె’ అనేవారికి ‘పళ్లెం’ దొరకదు. ‘కుక్కర్’, ‘కుక్కరు’ రెండు రకాలుగానూ రాస్తారు. పేరు ఒకటే ఉంచి, మిగిలిన మాటలన్నింటికీ విడిగా ఒక గడి పెట్టిన తర్వాత అడిగేవాళ్లు పెరిగారు.

హన్మకొండ గిన్నెల దుకాణం:

ఆరు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను. ఇంతమంది సమయం ఇచ్చారు కనుక ఏం జరిగిందో వివరంగా చెప్పడం నా బాధ్యత.

2,300 వరుసలు 1,740కి వచ్చాయి. మిగిలినవన్నీ ఒకే వస్తువుకు పడిన రెండో, మూడో పేర్లే. దగ్గరి పోలిక ఉన్న పేర్లను గుంపులుగా చూపించడానికి ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడాను. అది ‘5 లీటర్ల కుక్కర్’, ‘కుక్కర్ 5 లీటర్ల’ వంటి వాటిని వెంటనే పక్కపక్కన పెట్టింది. అయితే అది చూపిన ప్రతి గుంపునూ కలపడం తప్పని మొదటి రోజే అర్థమైంది. స్టీలు మూతదీ, గాజు మూతదీ పేరులో ఒక్క మాట తేడాతో ఉన్న రెండు కడాయిలను దాదాపు కలిపేశాను. అప్పటి నుంచి కలిపే ముందు రెండు పెట్టెలనూ అర నుంచి దించి చూడాలన్న నియమం పెట్టుకున్నాము. పని మెల్లగా సాగింది కానీ కలిపినదాన్ని విడదీయవలసిన అవసరం మళ్లీ రాలేదు.

అన్నింటికంటే ఎక్కువ రోజులు తిన్నది ఖాళీ గడులు. ఇండక్షన్ పొయ్యి మీద పనిచేస్తుందా అన్న గడి సగం వస్తువులకు ఖాళీగా ఉండేది. ఖాళీ అంటే ‘లేదు’ అని వెబ్‌సైటు చూపించింది. నిజానికి ఆ ఖాళీలో మూడు అర్థాలు కలిసి ఉన్నాయి: పనిచేయదు, ఎవరూ చూడలేదు, ఆ ప్రశ్నే వర్తించదు. చెంచాకు ఇండక్షన్ ప్రశ్న వర్తించదు కదా. ఈ మూడింటికీ మూడు వేర్వేరు మాటలు పెట్టి, తెలియనివాటిని మా తమ్ముడు అయస్కాంతం పట్టుకుని ఒక్కొక్కటిగా చూశాడు. అడుగుకు అయస్కాంతం అంటనివాటిని పక్కన పెట్టాము. రెండు బ్రాండ్ల పట్టికలో ‘పనిచేస్తుంది’ అని ఉన్న కొన్ని గిన్నెలకు అసలు అంటుకోలేదు. వాటి గురించి డిస్ట్రిబ్యూటర్లకు రాశాను. జవాబు వచ్చేవరకు మా పేజీలో ఆ మాట తీసేశాము.

పోయిన బార్‌కోడ్లలో చాలావరకు మూల ఫైళ్లలో దొరికాయి, మిగిలినవి పెట్టె మీద స్కాను చేసి నింపాము. పెంక, గంజు, తలె, బగోనె ఇప్పుడు వెతుకులాట గడిలో ఉన్నాయి. మా అమ్మను కూర్చోబెట్టుకుని అడిగితే ఇంకా ముప్పై మాటలు చెప్పింది. ఆమె నలభై ఏళ్లు గల్లా దగ్గర కూర్చున్న మనిషి.

తేలనిది ఒకటే మిగిలింది. మూడు గిన్నెల సెట్టును విడిగానూ, కలిపీ అమ్ముతాము. సెట్టుకు వేరే సంఖ్య ఇచ్చి వేరే నిల్వ రాస్తే మళ్లీ దసరా నాటి తప్పే వస్తుంది.

కరీంనగర్ క్యాటలాగ్ పని:

సెట్టుకు సంఖ్య ఇవ్వండి కానీ నిల్వ ఇవ్వకండి. మంచిర్యాల వారి జత పట్టిక లాంటిదే ఇక్కడా పనికొస్తుంది: ఎడమ గడిలో సెట్టు సంఖ్య, కుడి గడిలో అందులోని గిన్నె సంఖ్య, పక్కన ఎన్ని కావాలో. మూడు గిన్నెల్లో దేని నిల్వ అన్నింటికంటే తక్కువగా ఉంటే అన్ని సెట్లే అమ్మకానికి ఉన్నట్టు వేదికలకు పంపాలి. సెట్టు ఒకటి అమ్ముడైతే మూడు గిన్నెల నిల్వలోనూ ఒక్కొక్కటి తగ్గాలి. కంపెనీయే పెట్టెలో పెట్టి సీలు వేసి పంపే సెట్టు అయితే మాత్రం అది వేరే వస్తువు, దానికి సొంత నిల్వ ఉంటుంది. ఆ పెట్టెను మీరు విప్పి విడిగా అమ్మిన రోజున, సెట్టు నిల్వలో ఒకటి తగ్గించి మూడు గిన్నెలకు ఒక్కొక్కటి కలపడం మరిచిపోవద్దు తమ్ముడూ.

హన్మకొండ గిన్నెల దుకాణం:

అర్థమైంది అక్కా. సీలు వేసిన సెట్లు మా దగ్గర పద్నాలుగు రకాలున్నాయి, మిగిలినవి మేమే కూర్చినవి. ఈ ఆదివారం దుకాణం మూసిన తర్వాత వాటిని విడదీసి రాస్తాము.